సన్యాసిరావు చెప్పని మాత్ర

కోవిడ్ రెండో వేవ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఏప్రిల్ నెల. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక గుండె జబ్బుల క్లినిక్‌లో నేను అప్పటికి పదహారేళ్ళుగా ఎకో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. ఒక చిన్న గది, ఒక మంచం, ఒక మెషీన్, చల్లటి జెల్ సీసా. రోగి ఛాతీ మీద ప్రోబ్ ఆనించి గుండె కొట్టుకోవడం తెర మీద చూడటం, కొలతలు తీసి డాక్టర్ గారికి పంపడం నా పని. నాకు ఏం కనిపించినా రోగికి చెప్పకూడదు. "రిపోర్టు డాక్టర్ గారు చెప్తారండి" అన్న మాట రోజుకు నలభైసార్లు అంటాను. నోటికన్నా ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం కష్టం. మంచం మీద పడుకున్న మనిషి తెరను చూడడు, నన్నే చూస్తుంటాడు. నా కనుబొమ కదిలితే అతని గుండె దడ పెరగడం నాకు తెర మీదే తెలిసిపోతుంది.

ఎకో కాక ఆ గదిలో ఇంకో పరీక్ష కూడా చేసేదాన్ని. దాన్ని మేం ఎఫ్.ఎం.డి. అంటాం, రక్తనాళం ఎంత విచ్చుకుంటుందో చూసే పరీక్ష. ఊళ్ళో చాలాచోట్ల ఇది చెయ్యరు. దీని ఫలితం ఒక్కటే చూసి మందులు రాయరు కూడా. మా డాక్టర్ గారికి మాత్రం దీని మీద మక్కువ. ఆయనకి అప్పటికి అరవై దాటాయి, ఎప్పుడూ నెమ్మదిగా మాట్లాడే మనిషి. లక్షణాలు ఉండి మామూలు పరీక్షల్లో ఏదీ తేలనివాళ్ళకి ఇది రాసేవారు.

ఈ పరీక్ష సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. గుండె జబ్బంటే పైపులో చిలుము పట్టినట్టు నాళంలో కొవ్వు పేరుకోవడం అని అందరూ అనుకుంటారు. నేనూ కోర్సు చదివే రోజుల్లో అలాగే అనుకున్నాను. కానీ రక్తనాళం పైపు లాంటిది కాదు, ప్రాణమున్న కండ. దాని లోపలి వైపు ఉల్లిపొరకన్నా పల్చటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. రక్తం జోరుగా పారితే ఆ పొర పసిగట్టి, చుట్టూ ఉన్న కండకి వదులవమని కబురు పెడుతుంది. నాళం విచ్చుకుంటుంది. పొగ, బీపీ, షుగరు, చెడ్డ కొవ్వు ఏళ్ళ తరబడి ఆ పొరని దెబ్బ తీస్తే ముందు పోయేది ఈ విచ్చుకునే గుణమే. ఆ తర్వాతే, దెబ్బ తిన్న చోట కొవ్వు ఆ పొర కిందికి ఇంకి, అక్కడ వాపు వచ్చి, మెల్లగా గడ్డలా పెరుగుతుంది. దాన్నే ప్లాక్ అంటాం. అంటే నాళం పని చెడటం ముందు, పూడిక వెనక.

పరీక్షలో మోచేతి కింద బీపీ పట్టీ కట్టి ఐదు నిమిషాలు గట్టిగా బిగిస్తాం. వదిలెయ్యగానే రక్తం ఒక్కసారిగా పరుగెడుతుంది. అప్పుడు మోచేతి పైన ఉన్న నాళం ఎంత విచ్చుకుందో కొలుస్తాం. చేతిలో నాళం ఎలా ఉంటే గుండెలో నాళాలూ ఇంచుమించు అలాగే ఉంటాయనేది దీని వెనక ఉన్న ఆలోచన. ఆఖరున నాలుక కింద నైట్రోగ్లిజరిన్ స్ప్రే ఒకటి కొడతాం. అది పొరతో సంబంధం లేకుండా నేరుగా కండనే వదులు చేసే మందు. స్ప్రేకి విచ్చుకుని, రక్తం జోరుకి విచ్చుకోకపోతే, కండ బాగానే ఉంది, కబురు పెట్టాల్సిన పొరే పాడైందని అర్థం.

సన్యాసిరావు ఒక బుధవారం పొద్దున్న పదకొండు గంటలప్పుడు వచ్చాడు. నలభై ఆరేళ్ళ మనిషి. స్టీల్ ప్లాంట్ నుంచి పోర్టుకి ఉక్కు చుట్టలు మోసే ట్రైలర్ డ్రైవరు. ఇల్లు కూర్మన్నపాలెం. పక్కన ఆయన భార్య గౌరి, ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి, పాత రిపోర్టులన్నీ ఒక గుడ్డసంచిలో వరసగా పెట్టుకుని వచ్చింది. లోడు కట్టేటప్పుడు గొలుసు లాగితే రొమ్ము మధ్యలో పట్టేసినట్టు ఉంటుందట, కాసేపు నిలబడితే పోతుందట. రెండు నెలలుగా గ్యాసు మాత్రలు మింగుతున్నాడు. ఈసీజీ బాగుంది. ఎకో నేనే చేశాను, అదీ బాగుంది. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తుంటే కాళ్ళు పీకుతున్నాయని సగంలో దిగిపోయాడు. అందుకని గుండె నాళాల స్కానుకి రాస్తూ, ఈలోగా ఎఫ్.ఎం.డి. కూడా చెయ్యమని డాక్టర్ గారు చీటీ పంపారు.

పరీక్షకి ముందు అడగాల్సిన ప్రశ్నల జాబితా ఒకటి అట్టకి క్లిప్పు పెట్టి ఉంటుంది. టీ తాగారా, సిగరెట్ కాల్చారా, బీపీ మాత్ర వేసుకున్నారా, ఇలా. ఆఖరి వరసలో ఒక ప్రశ్న ఉంది: మగవాళ్ళు సంసారానికి వాడే మాత్రలు, అంటే సిల్డెనాఫిల్ లాంటివి, ఈ రెండు రోజుల్లో వేసుకున్నారా? ఆ మాత్రా నైట్రోగ్లిజరినూ ఒంట్లో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. ప్రాణం మీదికి రావచ్చు. ఇది నాకు తెలియక కాదు. డాక్టర్ గారు ఆ వరస కింద ఎర్ర గీత కూడా గీసి ఇచ్చారు.

కానీ ఎదుట నాకన్నా పెద్దవాడు, పక్కన భార్య. నేను ఆడదాన్ని. మొదటి రోజు నుంచీ ఆ ప్రశ్నని నేను నాకు వీలైనట్టు మెత్తబరిచి అడిగేదాన్ని. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా అండీ?" అని. ఆ మాటతోనే అడిగినట్టు టిక్కు పెట్టేదాన్ని. ఏళ్ళ తరబడి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే నా ధైర్యం.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని సన్యాసిరావునీ అడిగాను.

అతను గోడకేసి చూస్తూ, "ఏటీ నేదు మేడమ్" అన్నాడు.

"ఆ గ్యాసు మాత్రలు తప్ప తలనొప్పి మాత్ర కూడా ఎయ్యడు మేడమ్. మాత్రంటే ఆమడ దూరం పారిపోతాడు" అంది గౌరి.

నేను టిక్కు పెట్టాను.

మంచం మీద పడుకోబెట్టి, ఛాతీకి ఈసీజీ తీగలు అతికించి, బీపీ చూశాను. నూట ముప్పై ఎనిమిది. మోచేతి పైన నాళాన్ని తెర మీద పట్టుకున్నాను. రెండు తెల్లటి గీతలు, మధ్యలో నల్లటి దారి. వెడల్పు నాలుగు పాయింట్ ఒకటి మిల్లీమీటర్లు. పట్టీ బిగించాను. ఆ ఐదు నిమిషాలు చెయ్యి మొద్దుబారి, చీమలు పాకినట్టు ఉంటుంది. చాలామంది విసుక్కుంటారు. సన్యాసిరావు విసుక్కోలేదు. భయపడ్డాడు.

"మేడమ్, ఇందులో ఏదైనా తేడా వత్తే బండి తోలొద్దంటారేటి?"

"అది డాక్టర్ గారు చెప్తారండి."

"నాకు డ్రైవింగు తప్ప ఇంకో పని రాదు మేడమ్. ఇరవై మూడేళ్ళు సర్వీసు. ఒక్క యాక్సిడెంటు నేదు."

"నోరు మూసుకుని పడుకో. మాటాడితే పరీచ్చ పాడవుద్ది" అని గౌరి గదమాయించింది.

పట్టీ వదిలాను. రక్తం పరుగెత్తిన చప్పుడు మెషీన్‌లో హోరుమంది. నిమిషం దగ్గర కొలిచాను. నాలుగు పాయింట్ రెండు. నా చెయ్యి కదిలిందేమోనని మళ్ళీ కొలిచాను. నాలుగు పాయింట్ రెండే. అంటే నాళం విచ్చుకోలేదనే చెప్పాలి. నా ముఖంలో ఏం కనిపించిందో, "ఏటి మేడమ్?" అన్నాడు. "ఏం లేదండి, ఇంకొకటి ఉంది" అన్నాను.

కాసేపు ఆగి నాలుక కింద స్ప్రే ఒక్కసారి కొట్టాను. మూడు నిమిషాలకి నాళం తెర మీద బ్రహ్మాండంగా విచ్చుకుంది. నాలుగు పాయింట్ ఏడు. గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో. ఇంత మంచి బొమ్మ ఈ మధ్య రాలేదనుకుంటూ దాన్ని సేవ్ చేస్తున్నాను. ఆ పది పదిహేను సెకన్లు నేను తెరను చూశాను, మనిషిని చూడలేదు. ఆ సంగతి ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

"మేడమ్... కళ్ళు... సీకటి..."

తిరిగి చూసేసరికి ముఖం సున్నం కొట్టినట్టు ఉంది. నుదుటి నిండా చెమట. బీపీ మెషీన్ నొక్కాను. అది గాలి నింపుకుని, వదిలి, మళ్ళీ నింపుకుంది. కొలవలేకపోతోంది. మూడోసారి అంకె వచ్చింది. డెబ్బై నాలుగు.

స్ప్రే తర్వాత కొంచెం తగ్గడం మామూలే. ఇంత తగ్గడం పదహారేళ్ళలో చూడలేదు. "పుష్పా!" అని కేకేశాను. పుష్ప మా స్టాఫ్ నర్సు, పక్క గదిలోనే ఉంటుంది. ఆమె పరుగున వచ్చి అతని రెండు కాళ్ళూ ఎత్తి, కుర్చీని మంచం మీదే పడేసి దాని మీద పెట్టింది. నేను డాక్టర్ గారి గదికి పరుగెత్తాను. ఆయన ఎవరితోనో మాట్లాడుతున్నారు. నా ముఖం చూసి ఆయనే లేచారు.

ఆయన వచ్చేసరికి పుష్ప ఒక చేతికి సెలైన్ ఎక్కిస్తోంది. గౌరి గోడకి ఆనుకుని, "ఓలమ్మో, ఏటైపోనాది, ఏటి సేసినారు?" అంటోంది. సన్యాసిరావు చెయ్యి రొమ్ము మీదికి పోయింది.

"నొప్పి" అన్నాడు.

ఈసీజీ తెర మీద గీత ఒకచోట కిందికి దిగింది. గుండె కండకి రక్తం చాలడం లేదని దాని అర్థం. మామూలుగా అయితే ఛాతీ నొప్పికి మేం ముందు ఇచ్చేది ఆ నైట్రోగ్లిజరినే. ఇప్పుడు అతన్ని పడేసింది అదే. ఇంకొకటి ఇస్తే చంపినట్టే.

"ఏం ఇచ్చావు?" అన్నారు డాక్టర్ గారు.

"ఒక్కటే స్ప్రే సార్."

"ఆ మాత్రల సంగతి అడిగావా?"

నా చూపు టిక్కులు పెట్టిన కాగితం మీదికి పోయింది. అదే జవాబని ఆయనకి అర్థమైంది. నన్నేమీ అనకుండా గౌరి వైపు తిరిగి, "అమ్మా, మీరు ఒక్క నిమిషం బయట ఉండండి" అన్నారు. ఆమె కదల్లేదు. నేను భుజం పట్టుకుని తలుపు దాటించాను.

డాక్టర్ గారు అతని చెవి దగ్గరికి వంగారు. "సన్యాసిరావూ, ఇక్కడ మీ ఆవిడ లేదు. నిజం చెప్తేనే నీకు సరైన మందు ఇవ్వగలను. భార్య దగ్గరికి వెళ్ళేముందు వేసుకునే మాత్ర ఏమైనా వేశావా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. "తెల్లారగట్ట" అన్నాడు. కళ్ళు తెరవకుండానే, "రెండు" అన్నాడు.

రెండో చేతికి కూడా సెలైన్ పెట్టారు. అంబులెన్సుకి ఫోన్ చేశాం. ఆ తర్వాత చెయ్యగలిగింది పెద్దగా లేదు. కాళ్ళు పైకి పెట్టి, నీరు ఎక్కిస్తూ, మందు ప్రభావం దిగేదాకా కాచుకోవడమే. రెండు నిమిషాలకోసారి బీపీ చదవడం నా పని. డెబ్బై రెండు. అరవై ఎనిమిది. డెబ్బై. నేను అంకె చెప్తుంటే పుష్ప సెలైన్ సంచిని రెండు చేతులతో పిండుతోంది. తలుపవతల గౌరి ఒకే మాట అంటోంది, "సింహాద్రప్పన్నా, సింహాద్రప్పన్నా" అని. డెబ్బై ఆరు. మళ్ళీ డెబ్బై రెండు. ఈ మనిషి నా గదిలోకి నడుచుకుంటూ వచ్చాడు, అది తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

ఎనభై రెండు వచ్చింది. తర్వాత ఎనభై ఎనిమిది. నొప్పి తగ్గుతోందన్నాడు. దిగిన గీత మెల్లగా పైకి లేచింది. అంబులెన్సు వాళ్ళు స్ట్రెచర్ తెచ్చేసరికి నూట రెండు. డాక్టర్ గారు తనే అంబులెన్సులో ఎక్కి పెద్దాసుపత్రికి వెంట వెళ్ళారు. గౌరి ముందు సీట్లో కూర్చుంది. ఖాళీ అయిన గదిలో నేను టిక్కులు పెట్టిన ఆ కాగితం నేల మీద పడి ఉంది. దాని మీద ఎవరో కాలు వేసిన మచ్చ.

ఆసుపత్రిలో యాంజియోగ్రామ్ చేశారు. గుండె ముందు వైపు నాళంలో ప్లాక్ ఉంది. అయితే దారి సగం కూడా మూసుకోలేదు, నలభై శాతం అన్నారు. స్టెంట్ వెయ్యాల్సినంత కాదు. మరి గొలుసు లాగితే నొప్పి ఎందుకు వచ్చేది? సాయంత్రం తిరిగొచ్చాక డాక్టర్ గారు నాకు విడమరిచి చెప్పారు. బరువు లాగినప్పుడు గుండెకి ఎక్కువ రక్తం కావాలి. మంచి నాళమైతే విచ్చుకుని ఇస్తుంది. ఇతని నాళం విచ్చుకోవడం మరిచిపోయింది. అలాంటి నాళం ఒక్కోసారి విచ్చుకోవాల్సిన సమయంలో ఇంకా బిగుసుకుంటుంది కూడా. పూడిక చిన్నదే అయినా, నాళం పని చెడితే గుండెకి కరువే.

ఆ మాటలు చెప్పాక అడిగారు. "ఎన్నాళ్ళుగా ఆ ప్రశ్న అలా అడుగుతున్నావు శారదా?"

"మొదటి నుంచీ సార్."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నా గదిలో నేనే అడగాల్సింది. ఆ వరస నీకు వదిలేసి నేనూ తప్పించుకున్నాను" అన్నారు. జరిగింది జరిగినట్టు రిజిస్టర్‌లో రాయమన్నారు. నా పేరుతో నేనే రాశాను. "ప్రశ్న సరిగ్గా అడగలేదు" అన్న వాక్యం దగ్గర కలం చాలాసేపు ఆగింది. ఇంకో రకంగా రాయడానికి మాటలు వెతికాను. ఆఖరికి అదే రాశాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. క్షమించమని అడగాలని వెళ్ళాను. సన్యాసిరావు మంచం మీద కూర్చుని కిటికీకేసి చూస్తున్నాడు. గౌరి మందులు తేవడానికి కిందికి వెళ్ళింది.

"తప్పు నాది సన్యాసిరావుగారూ. ఆ మాట నేను విడిగా అడగాల్సింది" అన్నాను.

అతను తల అడ్డంగా ఊపాడు. "అడిగినా సెప్పీవోణ్ణి కాదేమో మేడమ్. అది పక్కనుంటే ఎలాగ సెప్తాను?"

తర్వాత తల వంచుకునే, నెమ్మదిగా చెప్పాడు. మూడేళ్ళుగా ఆ ఇబ్బంది ఉంది. మొదట అలసట అనుకున్నాడు. తర్వాత తోటి డ్రైవరు ఒకడు హైవే మీద మందుల షాపులో ఈ మాత్ర దొరుకుతుందన్నాడు. ఒకటి పనిచెయ్యకపోతే రెండు. ఎవరికీ చెప్పలేదు. డాక్టరుకి చెప్పాల్సిన జబ్బని కూడా అనుకోలేదు. "వయసు అయిపోనాదనుకున్నాను. ఇది గుండెకి సమ్మందం అని ఎవుడనుకుంటాడు?"

సంబంధం ఉందని, అందరిలో కాకపోయినా చాలామందిలో ఉంటుందని డాక్టర్ గారు ముందురోజే నాకు చెప్పారు. మర్మాంగంలోని నాళాలు గుండె నాళాలకన్నా సన్నం. లోపలి పొర పాడైతే ముందు అక్కడే బయటపడుతుంది, గుండె నొప్పి రావడానికి కొన్నేళ్ళ ముందే. ఆ మూడేళ్ళూ అతని ఒళ్ళు సంకేతం ఇస్తూనే ఉంది. అతను దాని మీద మాత్ర కప్పాడు. మా గదికొచ్చాక నేను దాని మీద మెత్తటి మాట కప్పాను.

"మేడమ్, ఒక సాయం. మా ఇంటిదానికి మీరు సెప్పండి. నావల్ల కాదు" అన్నాడు.

అతని రహస్యం అతని అనుమతి లేకుండా నేను ఎవరికీ చెప్పలేను. మళ్ళీ అడిగాను, అంతా చెప్పమంటారా అని. అంతా చెప్పమన్నాడు.

వార్డు బయట బెంచీ మీద గౌరి పక్కన కూర్చుని చెప్పాను. సూటిగా, ఆ మాటల్నే వాడి. పదహారేళ్ళలో ఆ మాటలు ఒక మనిషి ముందు పైకి అనడం నాకు అదే మొదటిసారి. ఆమె మందుల కవరు ఒళ్ళో పెట్టుకుని విన్నది. కోపం వస్తుందనుకున్నాను.

"మూడేళ్ళు మేడమ్" అంది. "గోడేపు తిరిగి పడుకునీవోడు. ట్రిప్పులని పోయి రెండేసి రోజులు వచ్చీవోడు కాదు. పోర్టు కాడ ఎవుర్తినో ఉంచుకున్నాడనుకున్నాను."

"అడగలేదా?"

"అడిగితే కొడతాడని కాదు మేడమ్. అలాటోడు కాదు. అవునంటాడేమోనని భయం. అవునంటే నానేటి సేత్తాను?"

ఆమె కళ్ళు తుడుచుకుని లేచి లోపలికి వెళ్ళింది. నేను వెళ్ళలేదు. తలుపు సందులోంచి మాటలు వినిపించాయి.

"సచ్చిపోయుందువు కదేటి? నాతో సెప్పనేకపోనావా? నాను పరాయిదాన్నేటి?"

అతను ఏదో గొణిగాడు.

"సిగ్గేటి, సిగ్గు? నిన్న ఆ మంచం మీద పీనుగులాగ పడున్నావు. అప్పుడేటైపోనాది నీ సిగ్గు?" అంటూనే ఆమె ఏడ్చేసింది. నేను మెట్లు దిగి వచ్చేశాను.

ఆ తర్వాత నెలలు తేలిగ్గా గడవలేదు. మూడు నెలలు బండెక్కొద్దన్నారు డాక్టర్ గారు. అతను భయపడింది దానికే. ట్రాన్స్‌పోర్టు వాళ్ళు యార్డులో లోడింగు చూసుకునే పని ఇచ్చారు. కొవ్వు తగ్గించే మాత్ర, బీపీ మాత్ర వేసుకోవడం, రోజూ నడవడం. సిగరెట్ మానడానికి రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఓడిపోయాడు. మూడోసారి నిలబడ్డాడు. ప్రతిసారి వచ్చినప్పుడు లెక్కలన్నీ గౌరి చెప్పేది, ఎన్ని మైళ్ళు నడిచాడో, ఎన్నిసార్లు దొంగతనంగా కాల్చాడో. అతను పక్కన కూర్చుని నవ్వడానికీ నవ్వకపోవడానికీ మధ్య ఉండేవాడు.

ఎనిమిది నెలల తర్వాత మళ్ళీ ఎఫ్.ఎం.డి. చెయ్యమన్నారు, స్ప్రే లేకుండా. మొదటిసారి పరీక్ష ఆ మాత్ర ఒంట్లో ఉండగా చేసింది కాబట్టి దాన్ని పూర్తిగా నమ్మడానికి లేదని డాక్టర్ గారు ముందే అన్నారు. అతను అదే మంచం మీద పడుకున్నాడు. జాబితా ఒక్కొక్క వరసే చదివాను. ఆఖరి వరసకి వచ్చి గౌరి వైపు చూశాను, బయటికి వెళ్ళమనడానికి. ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"అడగండి మేడమ్. నాను ఉంటాను" అంది.

అడిగాను. "నేదు మేడమ్. మానేసినాను" అన్నాడు, నా ముఖంలోకి చూస్తూ.

పట్టీ బిగించి, వదిలి, కొలిచాను. నాలుగు పాయింట్ ఒకటి నుంచి నాలుగు పాయింట్ మూడు. రెండు మూడు వెంట్రుకల మందమంత తేడా. మూడుసార్లు కొలిచి చూశాను.

"అయితే ఆ పూడిక పోయినట్టేనా?" అని డాక్టర్ గారిని అడిగాడు.

"పోలేదు. అది అక్కడే ఉంది. నాళం మాత్రం కాస్త పని చెయ్యడం మొదలుపెట్టింది. ఇలాగే ఉంటే పూడిక పెరక్కుండా, చిట్లకుండా ఉండే అవకాశం ఎక్కువ. హామీ ఇవ్వలేను" అన్నారు ఆయన. సన్యాసిరావు తలాడించాడు. గౌరి ముఖంలో వెలుగు వచ్చీ రాకుండా ఆగిపోయింది. వాళ్ళిప్పటికీ ఆరు నెలలకోసారి వస్తారు. వచ్చిన ప్రతిసారీ, రిపోర్టు చూసేదాకా, ముగ్గురం ఊపిరి బిగబట్టుకునే ఉంటాం.

నా వృత్తిలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఏదని ఎవరైనా అడిగితే ఈ కేసే చెప్తాను. మెషీన్ ఎంత మంచిదైనా, మనిషి నోటితో చెప్పాల్సినది దాని తెర మీద కనపడదు. అతని చేత చెప్పించే భారం నాది. ఇప్పుడు ఎవరు వచ్చినా పక్కవాళ్ళని బయట కూర్చోబెడతాను. ఆ మాత్రని దాని పేరుతో అడుగుతాను. అడిగాక జవాబు కోసం ఆగుతాను, ఎందుకంటే మొదటి "లేదు" చాలాసార్లు అలవాటుగా వచ్చేది. కోపం తెచ్చుకున్నవాళ్ళు ఒకరిద్దరే. ఎక్కువమంది ఎవరైనా అడిగితే బాగుండునని ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తున్నట్టు మాట్లాడతారు. ఆ ఇబ్బంది ఉందన్నవాళ్ళకి డాక్టర్ గారు వెంటనే బీపీ, షుగరు, కొవ్వు పరీక్షలు రాస్తారు.

పోయిన నెల భీమునిపట్నం నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు, కొడుకు తోడుగా. కొడుకుని బయటికి పంపి అడిగాను. లేదన్నాడు. నేను పెన్ను కింద పెట్టి కూర్చున్నాను. అతను తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు, చేతి గడియారం చూసుకున్నాడు.

"నిన్న ఒకటి ఏసాను అమ్మా" అన్నాడు.

ఆ రోజు పరీక్ష చెయ్యలేదు. మంచినీళ్ళిచ్చి, వచ్చే వారం రమ్మన్నాను. కొడుకు లోపలికొచ్చి, అంత దూరం నుంచి వస్తే ఊరికే పంపేస్తున్నారని విసుక్కున్నాడు. ఆ పెద్దమనిషి కొడుకు చెయ్యి పట్టుకుని, "ఆయమ్మ మంచికే సెప్పింది, పద" అని లేచాడు. తలుపు దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టాడు. నేనూ లేచి నిలబడి పెట్టాను.